ఎవర్‌నోట్ నుంచి మారాలి: ఆబ్సిడియన్, జోప్లిన్, నోషన్, వన్‌నోట్‌లలో ఏది?

రాతపలక

ఎవర్‌నోట్ అనే నోట్ల యాప్‌లో నాకు 1,300 పైచిలుకు నోట్లున్నాయి. 9 నోట్‌బుక్‌లు, 60 దాకా ట్యాగులు. సగానికి పైగా వట్టి టెక్స్టే. మిగతావి రసీదుల పీడీఎఫ్‌లు, వారంటీ కార్డుల ఫోటోలు, వెబ్ నుంచి క్లిప్ చేసిన వ్యాసాలు. విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోను వాడతాను. ఎవరితోనూ పంచుకునే పని లేదు.

కావలసినవి మూడే. నెట్ లేకపోయినా నోటు తెరుచుకోవాలి. తెలుగులో వెతికితే దొరకాలి. పదేళ్ళ తర్వాత ఆ కంపెనీ ఉన్నా లేకపోయినా నోట్లు నా దగ్గరే ఉండాలి.

ఆబ్సిడియన్, జోప్లిన్, నోషన్, వన్‌నోట్ అని నాలుగు నోట్ల యాప్‌ల పేర్లు రాసుకున్నాను. ఏది నప్పుతుంది? మారేటప్పుడు ఏమేం పోతాయి, ముందే ఏం చూసుకోవాలి? వాడి చూసినవాళ్ళు చెప్పండి.

చీటీలపెట్టె

రాతపలక గారూ, ఫీచర్ల పట్టికలు కాసేపు పక్కన పెట్టండి. రాసుకోవడం, వెతుక్కోవడం, చెక్‌లిస్టు, ఫోటో అతికించడం నాలుగింటిలోనూ ఉన్నాయి. అసలు తేడా నోటు ఎక్కడ, ఏ రూపంలో నిలవ ఉంటుందన్న దగ్గర వస్తుంది. మీరడిగిన మూడింటిలో రెండు దానిమీదే తేలిపోతాయి.

ఆబ్సిడియన్‌లో ఒక్కో నోటు ఒక్కో మార్క్‌డౌన్ ఫైలు, అంటే శీర్షికలు, జాబితాలు మామూలు గుర్తులతో రాసే వట్టి టెక్స్ట్ ఫైలు. వాల్ట్ అంటే మీ డిస్కులో ఉన్న మామూలు ఫోల్డరే. రేపు యాప్ తీసేసినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. సెట్టింగులు, ప్లగిన్లు (యాప్‌కి అదనంగా తగిలించుకునే పనిముట్లు) అదే ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ‘.ఆబ్సిడియన్’ అనే ఉపఫోల్డర్లో ఉంటాయి. బ్యాకప్ తీసేటప్పుడు కనబడని ఫోల్డర్లు వదిలేసే టూల్ వాడితే అది రాదు. నోట్లకేం కాదు గానీ అమరికలన్నీ మళ్ళీ చేసుకోవాలి.

జోప్లిన్ కూడా మార్క్‌డౌనే, ఓపెన్ సోర్స్. కాకపోతే నోట్లు విడి ఫైళ్ళుగా ఉండవు, అన్నీ కలిపి ఎస్‌క్యూలైట్ అనే ఒకే డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. సింక్ (పరికరాలన్నిటిలో నోట్లు ఒకేలా ఉంచడం) కోసం డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో అది పెట్టే ఫైళ్ళ పేర్లు 32 అక్షరాల గుర్తింపు సంఖ్యలు. అవి చదువుకోడానికి కాదు. అక్కడికి వెళ్ళి చేత్తో మార్చారంటే సింక్ పాడవుతుంది. బయటికి తీసుకోవాలంటే ‘ఎక్స్‌పోర్ట్’ మెనూలో మార్క్‌డౌన్ ఎంచుకుంటే ఫోల్డర్లు, పేర్లతో సహా వస్తాయి. అందులోనే జెక్స్ అని ఇంకో రూపం ఉంది. ట్యాగులు, తేదీలు, అటాచ్‌మెంట్లు అన్నీ మోసుకొచ్చే మూట అది, జోప్లిన్‌లోకే తిరిగి ఎక్కించుకోడానికి బ్యాకప్‌గా పనికొస్తుంది.

నోషన్ సంగతి వేరు. పేజీలు వాళ్ళ సర్వర్లో ఉంటాయి, మీ దగ్గర ఉండేది దాని కాపీ. 2025 ఆగస్టులో ఆఫ్‌లైన్ సదుపాయం వచ్చింది గానీ ఏ పేజీ కావాలో దాన్ని గుర్తు పెట్టుకుని ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒక పేజీ దించితే దాని లోపలి ఉపపేజీలు వాటంతట అవి దిగవు. నెట్ లేని చోట సరిగ్గా కావలసిన పేజీయే తెరుచుకోదు. ఉచిత ఖాతాలో ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. పాత కూర్పులు 7 రోజుల వరకే వెనక్కి తెచ్చుకోగలరు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (కంపెనీ కూడా చదవలేని తాళం) లేదు. నోషన్ బలమంతా డేటాబేస్‌లలో ఉంది. పదిమంది కలిసి ఒక పట్టిక నింపుకోవాలంటే దానికి సాటి లేదు. మీకు ఆ అవసరమే లేదంటున్నారు.

వన్‌నోట్ స్టైలస్‌తో చేతిరాత రాసేవాళ్ళకి మొదటి ఎంపిక, దాంట్లో సందేహం లేదు. చిక్కు బయటికి రావడంలో ఉంది. విండోస్ డెస్క్‌టాప్ యాప్ నుంచి సెక్షన్‌గానో, నోట్‌బుక్ మొత్తంగానో, వర్డ్ ఫైలుగానో, పీడీఎఫ్‌గానో ఎక్స్‌పోర్ట్ అవుతుంది. మొదటి రెండూ మళ్ళీ వన్‌నోటే తెరవాలి. పీడీఎఫ్ చదువుకోడానికి బాగుంటుంది, దిద్దుకోడానికి పనికిరాదు. ఇంకొకటి: పాస్‌వర్డ్ పెట్టిన సెక్షన్ తాళం వేసి ఉన్నంతసేపు వెతుకులాటలోకి రాదు. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తీయలేదు.

కాబట్టి మీ షరతులకి పోటీ ఆబ్సిడియన్, జోప్లిన్‌ల మధ్యే. ఫైళ్ళు కళ్ళెదుట ఉండాలి, ఫోనుకి సింక్ సంగతి నేనే చూసుకుంటానంటే ఆబ్సిడియన్. ఫోనులో ఖాతా పెట్టగానే పని జరిగిపోవాలంటే జోప్లిన్.

ఏది అనుకున్నా సరే, 1,300 నోట్లనీ ఒకేసారి తరలించకండి. 30 తీయండి: వట్టి టెక్స్ట్ 10, ఫోటోలున్నవి 5, పీడీఎఫ్‌లున్నవి 5, పట్టికలున్నవి 3, చెక్‌లిస్టులు 3, ఇతర నోట్లకి లింకులున్నవి 2, బాగా పొడుగైన వెబ్ క్లిప్పులు 2. వీటిని రెండు యాప్‌లలోకీ ఎక్కించండి. పది రోజులు రెండిట్లోనూ రాయండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరవండి. ఒకే నోటుని నెట్ తీసేసి ఫోనులో ఒకలా, ల్యాప్‌టాప్‌లో ఇంకోలా దిద్ది, తర్వాత నెట్ కలిపి ఏమవుతుందో చూడండి. చివరిగా, చాలామంది ఎగ్గొట్టే పరీక్ష ఇది: రెండిట్లోంచీ ఎక్స్‌పోర్ట్ తీసి, ఆ ఫైళ్ళని యాప్ లేకుండా తెరవండి. ఫోటోలు వచ్చాయా, పట్టిక గడులు నిలిచాయా అన్నది ఏ సమీక్షా చెప్పదు, ఈ పది నిమిషాలే చెబుతాయి.

నీలిసిరా

పైన చెప్పినదానికి తోడు, తరలింపు సంగతి నేను రాస్తాను. ఎవర్‌నోట్ నుంచి దిగేటప్పుడు జనం జారిపడే మెట్లు కొన్ని ఉన్నాయి.

ముందుగా ఖాతా సంగతి. 2023 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాకి 50 నోట్లు, 1 నోట్‌బుక్ హద్దు పెట్టారు. మీరు 1,300 దగ్గర ఉన్నారు కాబట్టి చందా ముగియకముందే ఎక్స్‌పోర్ట్ పని తేల్చుకుంటే నిమ్మళం.

ఎక్స్‌పోర్ట్ ఫోను నుంచి కాదు, కంప్యూటర్ యాప్ నుంచి తీయాలి. నోట్లని ఎంచుకుని తీయబోతే ఒక్కసారికి ఇన్నే అన్న హద్దు అడ్డొస్తుంది. నోట్‌బుక్ పేరు మీద రైట్ క్లిక్ చేసి నోట్‌బుక్ మొత్తాన్ని ఎనెక్స్ అనే ఎవర్‌నోట్ సొంత ఫైలు రూపంలో తీయండి. ఎనెక్స్ ఫైల్లో నోటు పేరు, తేదీలు, ట్యాగులు, అటాచ్‌మెంట్లు ఉంటాయి. అది ఏ నోట్‌బుక్‌లోదన్న సంగతి మాత్రం ఉండదు. అందుకే 9 నోట్‌బుక్‌లకీ 9 ఫైళ్ళు తీసి, ఒక్కోదానికి ఆ నోట్‌బుక్ పేరే పెట్టండి. అన్నీ కలిపి ఒకే ఫైలు చేశారా, 1,300 నోట్లు ఒకే కుప్పగా వచ్చి పడతాయి, విడదీయడానికి దారి ఉండదు. నోట్‌బుక్‌లని స్టాక్‌లుగా పేర్చి ఉంటే ఆ పేర్పు కూడా రాదు, కాగితం మీద రాసి పెట్టుకోండి.

తీయకముందు చేయాల్సిన పనులు రెండు. నోటు లోపల కొంత భాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే దాన్ని శాశ్వతంగా డీక్రిప్ట్ చేయండి, లేకపోతే కొత్త యాప్‌లో ఆ భాగం అర్థంకాని అక్షరాల ముద్దగా మిగులుతుంది. రెండోది, నోటు నుంచి నోటుకి పెట్టుకున్న లింకులు. అవి ఎవర్‌నోట్ సొంత గుర్తింపు సంఖ్యతో పనిచేస్తాయి, ఆ సంఖ్య ఎనెక్స్‌లోకి రాదు. లింకులన్నీ తెగుతాయనే అనుకోండి. ‘విషయసూచిక’ లాంటి నోటు ఏదైనా ఉంటే అందులో లింకుగా కనిపించే మాట, అసలు నోటు పేరు ఒకటే అయ్యేలా ముందే సరిచేసుకుంటే తర్వాత అతుక్కోవడం తేలిక.

ఇక ఎక్కించడం. ఆబ్సిడియన్‌లో కమ్యూనిటీ ప్లగిన్లలో ‘ఇంపోర్టర్’ ఉంది, ఆబ్సిడియన్ వాళ్ళే నడిపేది. ఎవర్‌నోట్ రూపం ఎంచుకుని ఎనెక్స్ ఫైళ్ళు చూపించాలి. దానికి ముందు సెట్టింగుల్లో ‘ఫైల్స్ అండ్ లింక్స్’ లోకి వెళ్ళి అటాచ్‌మెంట్ల చోటు మార్చండి. మామూలుగా అది వాల్ట్ మొదటి ఫోల్డరే, ఆ తర్వాత మీరు అతికించే ప్రతి స్క్రీన్‌షాటూ నోట్ల జాబితాలోకే వచ్చి కూర్చుంటుంది. ‘జతలు’ అనో ‘ఫైళ్ళు’ అనో ఒక ఫోల్డరు పెట్టేయండి.

జోప్లిన్‌లో ఫైల్ మెనూ, ఇంపోర్ట్, ఎనెక్స్. అక్కడ మార్క్‌డౌన్‌గానా, హెచ్‌టీఎమ్‌ఎల్‌గానా (వెబ్ పేజీ రూపం) అని రెండు దారులుంటాయి. మీ సొంత రాతలకి మార్క్‌డౌన్. వెబ్ క్లిప్పులున్న నోట్‌బుక్‌ని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ఎక్కించండి, పేజీ రూపు చెదరదు. క్లిప్పులు మార్క్‌డౌన్ అయ్యేటప్పుడు పట్టికలో పట్టిక ఉన్నచోటల్లా గందరగోళమే.

ఎక్కించాక ముందు లెక్క చూడాలి, తర్వాతే అందం. ఒక్కో నోట్‌బుక్‌లో అక్కడ ఎన్ని నోట్లు, ఇక్కడ ఎన్ని? తేడా వస్తే సాధారణంగా కారణం ఒకే పేరున్న నోట్లు, పేరు లేని నోట్లు, లేదా మరీ పొడుగు పేర్లు. ఫైలు పేరులో విండోస్ ఒప్పుకోని గుర్తులు (ప్రశ్నార్థకం, నక్షత్రం, కోలన్, నిలువుగీత) ఉంటే దిగుమతిలో అవి మారిపోతాయి. హ్యాష్, చదరపు బ్రాకెట్లు ఫైలు పేరుకి పనికొచ్చినా ఆబ్సిడియన్ లింకుల్ని విరిచేస్తాయి, వాటినీ తీసేయండి.

తేదీల గురించి ఒక మాట. ఫైలు తేదీని నమ్మకండి. కాపీ చేసినా, సింక్ అయినా అది మారిపోవచ్చు. తేదీ ముఖ్యమైన నోటుకి పేరులోనే పెట్టండి, సంవత్సరం ముందు: ‘2024-11-03 వాషింగ్ మెషీన్ వారంటీ’. ఇలా రాస్తే అక్షరక్రమంలో పేర్చినా తేదీ క్రమమే వస్తుంది. ‘03-11-2024’ అని రాస్తే అన్ని నెలల మూడో తారీఖులూ ఒకచోట చేరతాయి.

మీ కేసులో అన్నిటికంటే పెద్ద నష్టం ఫోటోల్లోని అక్షరాలు. ఎవర్‌నోట్ బొమ్మలో ఉన్న అక్షరాలు చదివి వెతుకులాటలో చూపిస్తుంది. వారంటీ కార్డు ఫోటో అతికించి ‘ఐఎమ్‌జీ 4471’ అని వదిలేసినా ఇన్నాళ్ళూ దొరికింది అందుకే. ఆబ్సిడియన్ తనంతట తాను ఆ పని చేయదు. జోప్లిన్ డెస్క్‌టాప్‌లో ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు చదవడం) సెట్టింగు ఉంది, మనమే ఆన్ చేసుకోవాలి. మసక ఫోటోల విషయంలో దాన్ని నమ్ముకోలేం. ఫోటోలే ఉన్న నోట్లని వేరు చేసి, ఒక్కోదానికి ఒక్క వరుస రాయండి: వస్తువు, కంపెనీ, కొన్న తేదీ, సీరియల్ నంబరు. ఎవర్‌నోట్‌లో ఉండగానే రాయండి. అక్కడ ఇంకా వెతుకులాట పనిచేస్తుంది కాబట్టి ఏది ఏమిటో తెలుస్తుంది.

అక్షరాలపొది

తెలుగులో వెతకడం గురించి అడిగారు, దాని గురించి ఇంకా ఎవరూ రాయలేదు. యాప్ తప్పు కొంత, మన టైపింగ్ తప్పు కొంత, భాష తీరు కొంత.

భాష తీరు: ఇంగ్లిషులో మాటకి ముందువెనకల ఖాళీ ఉంటుంది. మనకి విభక్తి మాటకే అతుక్కుంటుంది. ‘వారంటీ’ అని వెతికితే ‘వారంటీలో’, ‘వారంటీకి’ దొరకాలి. ఆబ్సిడియన్ మాట మధ్యలో ఉన్న ముక్కని కూడా పట్టుకుంటుంది కాబట్టి దొరుకుతాయి. జోప్లిన్ పూర్తి మాట కోసం చూస్తుంది. చివర నక్షత్రం గుర్తు పెట్టి ‘వారంటీ*’ అని కొడితేనే మిగతా రూపాలు వస్తాయి. నక్షత్రం చివరే పెట్టాలి, ముందు పెడితే పనిచేయదు.

అయినా సున్నాతో ముగిసే మాటలు రెండిట్లోనూ జారిపోతాయి. ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’, ‘పుస్తకానికి’ రెండూ రావు, ఎందుకంటే సున్నా పోయి దీర్ఘం వచ్చింది. ‘పుస్తక’ వరకే కొట్టండి, జోప్లిన్‌లో అయితే చివర నక్షత్రంతో. ‘సంతకం’, ‘ఒప్పందం’, ‘పత్రం’ అన్నిటికీ ఇదే చిట్కా: సున్నా వదిలేయడం.

టైపింగ్: ‘ఫోన్‌లో’ అన్న మాట రెండు రకాలుగా టైపవుతుంది. పొల్లు విడిగా నిలిచి ‘ఫోన్‌లో’ అని కనబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం (యూ+200సీ) ఉండాలి. అది లేకపోతే ‘ఫోన్లో’ అయి ల వత్తుగా మారుతుంది. కొన్ని కీబోర్డులు ఆ అక్షరాన్ని వాటంతట అవే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఫోనులో రాసినది ల్యాప్‌టాప్‌లో వెతికితే దొరకదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ‘ఫోన్’ వరకే వెతకండి (జోప్లిన్‌లో చివర నక్షత్రంతో), రెండూ వస్తాయి.

ఇదే అక్షరం ఆబ్సిడియన్ ట్యాగుల్ని తెంపుతుంది. ‘#ఫోన్‌బిల్లు’ అని రాస్తే ట్యాగు ‘#ఫోన్’ దగ్గరే ఆగిపోతుంది, మిగతా ‘బిల్లు’ మామూలు టెక్స్టుగా మిగులుతుంది. ట్యాగులో ఖాళీ కూడా పనికిరాదు, ‘#కరెంటు-బిల్లు’ అనో ‘#కరెంటు_బిల్లు’ అనో రాయాలి. అంకెలు మాత్రమే ఉన్న ‘#2025’ ట్యాగే కాదు, పక్కన ఒక అక్షరమైనా ఉండాలి. మీ 60 ట్యాగుల జాబితా ఒకసారి ఈ మూడింటికోసం చూసుకోండి.

ఫైలు పేరు పొడవు: ఇది ఆబ్సిడియన్ వాడేవాళ్ళకే. ఆండ్రాయిడ్‌లో, లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలు నిలవ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరం 1 బైటు, తెలుగులో ప్రతి గుర్తూ 3 బైట్లు. గుర్తు అంటే కంటికి కనబడే అక్షరం కాదు. ‘స్త్రీ’ చూడండి. కంటికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం, మొత్తం 6 గుర్తులు, 18 బైట్లు. అంటే పేరులో 85 గుర్తులకి మించి పట్టవు, అవి మామూలుగా 35, 40 అక్షరాల్లోనే నిండిపోతాయి. విండోస్ లెక్క బైట్లలో కాదు గనక ల్యాప్‌టాప్‌లో పేరు చక్కగా ఉంటుంది, ఫోనుకి మాత్రం ఆ ఫైలు చేరదు. వెబ్ క్లిప్పులకి వార్త శీర్షిక మొత్తం పేరుగా పడుతుంది కాబట్టి దెబ్బ తినేవి ఎక్కువగా అవే. విండోస్ గొడవ వేరే: ఫోల్డర్లతో కలిపి దారి మొత్తం 260 గుర్తులు దాటితే చాలా ప్రోగ్రాములు మొరాయిస్తాయి. వాల్ట్‌ని డ్రైవ్ మొదట్లోనే పెట్టి, ఫోల్డరులో ఫోల్డరు రెండు మెట్లకి మించనీయకండి. నోషన్ ఎక్స్‌పోర్ట్ విప్పేటప్పుడు వచ్చే తప్పులకీ ఇదే కారణం, అది ప్రతి పేరు చివరా 32 అక్షరాల సంఖ్య తగిలిస్తుంది.

యూనికోడ్ కాని పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు మాత్రం ఏ యాప్‌లోనూ తెలుగులో దొరకవు. కంటికి తెలుగే, లోపల ఉన్నది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. ఒక వరుస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే తెలిసిపోతుంది. వాటికి నీలిసిరా గారు చెప్పిన ఒక్క వరుస వివరణే మందు.

ఒకటేఫైలు

అసలు 1,300 ఎందుకు తరలించాలండీ? గత ఏడాది తెరిచినవి ఎన్ని? మహా అయితే రెండొందలు. ఆ రెండొందలూ ఎక్కించుకోండి. మిగతావాటిని ఎవర్‌నోట్ నుంచే హెచ్‌టీఎమ్‌ఎల్‌గా తీసి ‘అటక’ అనే ఫోల్డర్లో పడేయండి. ఏ బ్రౌజర్లోనైనా తెరుచుకుంటాయి. పక్కన ఎనెక్స్ ఫైళ్ళు ఎలాగూ ఉంటాయి, ఎప్పుడైనా కావాలంటే ఎక్కించుకోవచ్చు. వెయ్యి పాత క్లిప్పుల పట్టికలు సరిచేస్తూ కూర్చుంటే నెల పోతుంది.

ఆబ్సిడియన్‌లో దిగగానే లింకుల గ్రాఫు, ముప్పై ప్లగిన్లు, ఒక చీటీని ఇంకోదానికి లింకు చేసుకుంటూ పోయే చీటీల పద్ధతి అంటూ మొదలవుతుంది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమాన్ 90,000 దాకా చీటీలు అల్లుకున్నాడంటే అది పుస్తకాలు రాయడానికి. వాషింగ్ మెషీన్ వారంటీ వెతకడానికి అంత అల్లిక అక్కర్లేదు. నాలుగు ఫోల్డర్లు చాలు: కొత్తవి, నడుస్తున్న పనులు, కాగితాలు, అటక. ప్లగిన్లు మొదటి నెల సున్నా.

ఫోనులో అప్పటికప్పుడు రాసుకునే ముక్కలకి గూగుల్ కీప్ ఉంచుకుంటే తప్పేం లేదు. నిలవ సరుకు అందులో పెట్టకండి, అంతే. చెరిపేసిన నోటు చెత్తబుట్టలో 7 రోజులే ఉంటుంది. బయటికి తీయాలంటే గూగుల్ టేకౌట్ (మన డేటా దించుకునే సేవ) ద్వారా హెచ్‌టీఎమ్‌ఎల్, జేసన్ ఫైళ్ళు వస్తాయి.

రాతపలక

అందరికీ ధన్యవాదాలు. ట్యాగులు చూశాను, 14 ట్యాగుల్లో ఖాళీలున్నాయి. అటక సలహా నచ్చింది, రెండొందల పైచిలుకు నోట్లే ఎక్కిస్తాను. మనసు ఆబ్సిడియన్ మీదకే పోతోంది. రెండు సందేహాలు మిగిలాయి. ఫోనుకి సింక్ ఎలా? ఖాతా నంబర్లు, పాస్‌వర్డులు ఉన్న పది నోట్లని ఏం చేయాలి? జోప్లిన్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందంటారు కదా, దానికోసం అటు వెళ్ళాలా?

చీటీలపెట్టె

పాస్‌వర్డులు నోట్ల యాప్‌లో ఉండకూడదు, ఏ యాప్ అయినా సరే. ఆ పది నోట్లూ బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌కి పంపేయండి. జోప్లిన్ ఎన్‌క్రిప్షన్ కాపాడేది సింక్ అయ్యే సరుకుని. ల్యాప్‌టాప్‌లో ఉన్న డేటాబేస్ మామూలుగానే ఉంటుంది, మెషీన్ చేతికి చిక్కినవాడికి నోట్లు చిక్కినట్టే. దానికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఒక్కటే దారి. కాబట్టి ఈ కారణంతో యాప్ మార్చక్కర్లేదు. ఎవరైనా జోప్లిన్‌కే వెళ్తుంటే మాత్రం ఒక జాగ్రత్త: ఎన్‌క్రిప్షన్ ముందుగా ఒక్క పరికరంలోనే ఆన్ చేసి, సింక్ పూర్తిగా అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత రెండోదాన్ని కలపాలి. రెండిట్లో ఒకేసారి ఆన్ చేస్తే రెండు తాళంచెవులు తయారై తికమక మొదలవుతుంది.

ఆబ్సిడియన్ సింక్‌కి మీ ముందున్నవి మూడు దారులు. వాళ్ళ సొంత సింక్ డబ్బు కట్టి వాడేది, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, తలనొప్పి లేదు. ఉచితంగా కావాలంటే సింక్‌థింగ్: మధ్యలో సర్వర్లో నిలవ లేకుండా ఫోను, ల్యాప్‌టాప్ నేరుగా మాట్లాడుకుంటాయి. దాని అసలు ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరులో ఆగిపోయింది, ఇప్పుడు వాడేది ‘సింక్‌థింగ్ ఫోర్క్’. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి, లేకపోతే స్క్రీన్ ఆరగానే ఆండ్రాయిడ్ దాన్ని పడుకోబెడుతుంది. సింక్ కావట్లేదనే ఫిర్యాదుల్లో సగం ఇదే. రెండు పరికరాలూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలన్నది మరిచిపోకండి. మూడోది వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్ ఫోల్డరు. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది గానీ ఫోనులోని వన్‌డ్రైవ్ యాప్ ఫోల్డరుని ఆబ్సిడియన్ తెరవగలిగేలా ఫోనులోకి దించి ఉంచదు. ఫోల్డర్‌సింక్ లాంటి మరో యాప్ కావాలి. ల్యాప్‌టాప్‌లో కూడా ఆ ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి ‘ఎప్పుడూ ఈ పరికరంలో ఉంచు’ అన్నది ఎంచుకోవాలి. లేకపోతే కొన్ని ఫైళ్ళు పేరుకే కనబడతాయి, సరుకు క్లౌడ్‌లో ఉంటుంది, నెట్ లేనప్పుడు తెరుచుకోవు.

మూడింటిలో ఒక్కటే ఎంచుకోండి. ఒకే వాల్ట్ మీద రెండు సింక్‌లు పెట్టారంటే అవి ఒకదాని మార్పుని ఇంకోటి తిరగరాస్తూ నకళ్ళు పుట్టిస్తూనే ఉంటాయి. సింక్‌థింగ్‌లో రెండు చోట్లా ఒకే నోటు దిద్దితే ఒకటి నిలిచి, రెండోది పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అని తేదీతో సహా పక్కన చేరుతుంది. వారానికోసారి ఆ మాట ఇంగ్లిషులో వెతికి, వచ్చినవాటిని చేత్తో కలిపి, నకలు తీసేయండి. నకలు చూడకుండా తీసేస్తే అందులో రాసుకున్నది పోయినట్టే.

సింక్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకనుకోకండి. ఫోనులో పొరపాటున ఫోల్డరు చెరిపితే ఆ చెరపడం కూడా నిమిషంలో ల్యాప్‌టాప్‌కి సింక్ అవుతుంది. ఆబ్సిడియన్ ‘ఫైల్ రికవరీ’ 5 నిమిషాలకోసారి నోటు నకలు తీసి 7 రోజులు ఉంచుతుంది, ఆ రోజుల సంఖ్య పెంచుకోవచ్చు. అది నోట్ల వరకే, పీడీఎఫ్‌లకీ ఫోటోలకీ లేదు. వారానికోసారి వాల్ట్ మొత్తాన్ని జిప్ చేసి తేదీ పేరుతో బయటి డిస్కులోకి, నెలకోసారి ఇంకోచోటికి. నాలుగు జిప్‌లు ఉంచి పాతది తీసేస్తూ పోవచ్చు. అప్పుడప్పుడూ ఒక జిప్‌ని వేరే ఫోల్డర్లో విప్పి వాల్ట్‌గా తెరిచి చూడండి.

నీలిసిరా

ఒకటి కలుపుతాను. వారంటీలకి పట్టిక కావాలంటే నోషన్‌కి పోనక్కర్లేదు. ఆబ్సిడియన్‌లో 2025లో ‘బేసెస్’ అని వచ్చింది, వేరే ప్లగిన్ కాదు, యాప్‌తోనే ఉంది. నోటు పైన ప్రాపర్టీలుగా ‘వస్తువు’, ‘కొన్న తేదీ’, ‘వారంటీ ముగింపు’ అని పెట్టుకుంటే అది వాటిని పట్టికగా చూపిస్తుంది, ముగింపు తేదీ ప్రకారం పేర్చుకోవచ్చు. డేటా నోటులోనే ఉంటుంది, పట్టిక వట్టి కిటికీ. ‘కొన్న తేదీ’ అని ఒక నోటులో, ‘కొన్నతేదీ’ అని ఇంకో నోటులో రాస్తే రెండు వేరు గడులవుతాయి, అందుకని టెంప్లేటు ఒకటి చేసుకుని దాంతోనే కొత్త నోటు మొదలుపెట్టండి.

ఎవర్‌నోట్ ఖాతాని ఎక్కించిన మర్నాడే మూసేయకండి. 9 ఎనెక్స్ ఫైళ్ళు రెండు చోట్ల ఉన్నాయని, ఫోటో నోట్లకి వివరణ వరుసలు రాసేశారని చూసుకున్నాకే మూయండి. మూసేశాక కూడా ఆ 9 ఫైళ్ళు అటకలోనే ఉండనివ్వండి.